ఖాళీ భూమి అంటే ఎవరి లెక్కలో ఖాళీ?

(మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల రైతుల సమావేశంలో సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



కోతల రోజుల్లో పని వదులుకొని ఇంత దూరం వచ్చినారు. టమోటా రేటు గురించి మాట్లాడకుండా డేటా సెంటర్ గురించి మాట్లాడతామంటే మీలో కొందరికి చిరాకు వేసి ఉంటుంది. పొద్దున టీ కొట్టు దగ్గరే ఒక పెద్దాయన మమ్మల్ని అడిగినాడు: "విశాఖపట్నంలో కట్టేదానికి మదనపల్లెలో మీటింగ్ ఎందుకప్పా?" న్యాయమైన ప్రశ్న. ఈ పూట మేం చెప్పేదంతా ఆయనకు జవాబే.

ముందు అసలు అదేమిటో చెప్పుకుందాం. మీరు ఫోన్లో మండీ రేటు చూస్తారు. బెంగళూరులో ఉన్న మనవడు వాట్సాప్‌లో ఫోటో పంపుతాడు. ఆ రేటు, ఆ ఫోటో గాలిలో ఉండవు. ఎక్కడో ఒక పెద్ద షెడ్డులో, వరసలు వరసలుగా పేర్చిన కంప్యూటర్లలో ఉంటాయి. ఆ షెడ్డే డేటా సెంటర్. ఇప్పుడు కృత్రిమ మేధ అని కొత్తది వచ్చింది. దానికి ఇంకా పెద్ద షెడ్లు, ఇంకా ఎక్కువ కరెంటు కావాలి. ఆ యంత్రాలు రాత్రీ పగలూ తిరుగుతాయి, వేడెక్కుతాయి. వేడి తియ్యకపోతే కాలిపోతాయి. కుప్పం వాళ్లకు ఇది సులువుగా అర్థమవుతుంది. ఎండాకాలం పట్టుపురుగుల షెడ్డులో తడి గోనెపట్టలు ఎందుకు కడతాం? నీళ్లు ఆవిరైతే షెడ్డు చల్లబడుతుందని. డేటా సెంటర్లలో చాలావాటిలో చేసేదీ అదే, కాకపోతే మన పట్టలు తడవడానికి రెండు బిందెలు చాలు.

కాబట్టి డేటా సెంటరు అంటే మూడు: భూమి, కరెంటు, నీళ్లు. రైతు బతుకు కూడా ఆ మూడే. అందుకే ఈ మీటింగ్.

విశాఖ సంగతి. 2025 అక్టోబర్ 14న ఢిల్లీలో గూగుల్ సంస్థ ఒప్పందం చేసుకుంది. అయిదేళ్లలో 15 బిలియన్ డాలర్లు, గిగావాట్ స్థాయి కేంద్రం అన్నారు. అదానీ, ఎయిర్‌టెల్ సంస్థలు భాగస్వాములు. రాష్ట్రంలో దీన్ని రైడెన్ ఇన్ఫోటెక్ అనే అనుబంధ కంపెనీ పేరిట పెడుతున్నారు. తర్లువాడ, అడవివరం, రాంబిల్లి అని మూడు చోట్ల సుమారు 480 ఎకరాలు. పత్రికల్లో వచ్చిన లెక్క ప్రకారం ప్రోత్సాహకాలు 22 వేల కోట్ల రూపాయల దాకా ఉన్నాయి. భూమి ధరలో తగ్గింపు, నీటి చార్జీల్లో తగ్గింపు, కరెంటు మీద రాయితీ, స్టాంపు డ్యూటీ మాఫీ అన్నీ అందులోవే. ఆ తరువాతి నెలలోనే రిలయన్స్, బ్రూక్‌ఫీల్డ్ భాగస్వామ్యంలోని డిజిటల్ కనెక్షన్ కూడా విశాఖలో ఒక గిగావాట్ కేంద్రం పెడతామంది. అంటే ఇది ఒక్కదానితో ఆగేది కాదు. విశాఖలో చోటు, కరెంటు లైన్లు ఇరుకైతే తరువాత చూసేది ఎక్కడ? బెంగళూరుకు పక్కన, నేషనల్ హైవే మీద, భూమి ధర ఇంకా తక్కువగా ఉన్న చోటు. ఆ వివరాలు మన మూడు ఊళ్లకూ సరిపోతాయి. మన దగ్గర ఇప్పుడు ఎవరో అడుగుతున్నారని మేం చెప్పడం లేదు. అడిగిన రోజున మనం తయారుగా ఉండాలంటున్నాం.

ఇప్పుడు 'ఖాళీ భూమి' దగ్గరికి వద్దాం. ఇలాంటి ప్రతి ప్రతిపాదనలో మొదటి మాట అదే. "ఎవరిదీ తీసుకోవడం లేదు, ప్రభుత్వ ఖాళీ భూమి ఇస్తున్నాం." అడవివరం పక్కనే ముడసర్లోవ ఉంది. అది విశాఖ నగర పరిధిలోని పాత రిజర్వాయరు, నగరానికి నీళ్లిచ్చేది. దాని మీద 2018లో 2 మెగావాట్ల తేలియాడే సోలార్ కూడా పెట్టినారు. నగరం మధ్యలో అలాంటి పచ్చటి చోటు పక్కన భూమిని 'ఖాళీ' అంటే, ఆ నీటి పరీవాహకం లెక్కలో లేదని అర్థం. తర్లువాడలో అసైన్డ్ భూముల్లో తోటలు పెంచుకొన్న కుటుంబాలు రోడ్డెక్కినాయి. ప్రభుత్వ రికార్డులో అది ప్రభుత్వ భూమి. ఆ ఇంటి ఆడబిడ్డ లెక్కలో అది ముప్పయ్యేళ్లు నీళ్లు మోసి పెంచిన చెట్టు. హ్యూమన్ రైట్స్ ఫోరం లాంటి సంస్థలు నీళ్లు, కరెంటు లెక్కలు బయట పెట్టమని అడిగినాయి. అడగడమే అభివృద్ధికి అడ్డం అన్నట్టు కొందరు మాట్లాడినారు.

మన వైపు ఖాళీ భూమి అంటే ఏది? గుట్ట కింద మేత పోరంబోకు. జీవాలు మేపుకొనే బీడు. వానొస్తే కుంటలోకి నీళ్లు తెచ్చే వంక. పుంగనూరు ఆవును ఈమధ్య దేశమంతా ముద్దు చేస్తున్నారు, పెద్ద పెద్ద ఇళ్లలో పెంచుకుంటున్నారు. మంచిదే. కానీ ఆ ఆవు పుట్టింది సోఫా పక్కన కాదు. కరువు సీమలో, వట్టి కసువు తిని బతికి పాలిచ్చే జాతిగా ఈ బీళ్ల మీద తయారైంది. బీడు పోయిన తరువాత ఆవును కాపాడుతున్నామంటే బొమ్మను కాపాడినట్టు.

2011 జనవరిలో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఊరుమ్మడి భూముల ఆక్రమణలు తొలగించమని, వాటిని ఊరి వాడకానికే ఉంచమని అన్ని రాష్ట్రాలకూ చెప్పింది. ఆ తీర్పును పేదవాడి గుడిసె తీయడానికి వాడినంత చురుగ్గా కంపెనీకి ఇచ్చే భూమి విషయంలో వాడరు. అది మనమే గుర్తు చెయ్యాలి.

ఇక డీకేటీ పట్టాలు. ఈ మూడు ప్రాంతాల్లో డీకేటీ భూమి లేని ఊరు ఉంటే చెప్పండి, మేమే వచ్చి చూస్తాం. "సర్కారు ఇచ్చింది, సర్కారు తీసుకుంటుంది" అని చెప్పి చేతులు కట్టించే కాలం ఒకటి ఉండేది. 2004లో మేకల పాండు కేసులో మన హైకోర్టు తేల్చింది: అసైన్డ్ భూమి ప్రజావసరానికి తీసుకుంటే పట్టా రైతుతో సమానంగా మార్కెట్ విలువ కట్టివ్వాలి. 2013 భూసేకరణ చట్టంలో సర్కారు నుంచి భూమి పొందిన కుటుంబం కూడా బాధిత కుటుంబమే. ఆ భూమి మీద ఆధారపడి మూడేళ్లుగా పని చేస్తున్న కూలీ, కౌలుదారు కూడా అంతే. ప్రైవేటు కంపెనీ కోసమైతే 80 శాతం మంది ఒప్పుకోవాలి, ప్రభుత్వ ప్రైవేటు భాగస్వామ్యమైతే 70 శాతం. సామాజిక ప్రభావ అంచనా చెయ్యాలి. అయితే 2018లో మన రాష్ట్రం ఒక సవరణ తెచ్చి, కొన్ని రకాల ప్రాజెక్టులకు ఆ అంచనా లేకుండా చేసుకొనే దారి పెట్టుకుంది. ఆ దారిలోంచి ఎవరొస్తారో చూసుకోవాల్సింది మనం.

కానీ ఈ చట్టమంతా భూమి 'సేకరించినప్పుడు' మాత్రమే. రికార్డులో ముందే ప్రభుత్వ భూమి అని ఉంటే ఎవరి అంగీకారమూ అడిగే పని లేదు. అందుకే రికార్డు ముఖ్యం. ఇదే మదనపల్లెలో 2024 జూలై 21 రాత్రి సబ్ కలెక్టర్ కార్యాలయంలో భూముల ఫైళ్లు కాలిపోయినాయి. ఎవరు చేసినారన్నది దర్యాప్తు, కోర్టు తేల్చాలి, దాని మీద మేం తీర్పు చెప్పం. మాకు కావలసిన సంగతి వేరే ఉంది. మీ ఇంట్లో పాత డి ఫారం పట్టా కాగితం, శిస్తు రసీదు, పాత అడంగల్ నకలు ఉంటే దాన్ని బియ్యం డబ్బాలో పెట్టకండి. రెండు నకళ్లు తీయించండి.

కరెంటు మాటకొస్తే, ఇక్కడ మాకు తెలిసిన కూడికలు, తీసివేతలే చేస్తాం. ఒక గిగావాట్ అంటే పది లక్షల కిలోవాట్లు. అది ఇరవైనాలుగు గంటలు పూర్తిగా నడిస్తే రోజుకు 2 కోట్ల 40 లక్షల యూనిట్లు. మన అయిదు హార్స్‌పవర్ మోటారు తొమ్మిది గంటలు ఆడితే సుమారు 34 యూనిట్లు. భాగించండి. ఏడు లక్షల మోటార్లు. ఒక్క కేంద్రం ఏడు లక్షల బోరు మోటార్లంత కరెంటు తాగుతుంది, అది కూడా రాత్రీ పగలూ, కోత లేకుండా. ఐర్లండ్ అని చిన్న దేశం ఉంది. 2023లో ఆ దేశంలో మీటరు మీద వాడిన కరెంటులో 21 శాతం డేటా సెంటర్లకే పోయింది. పట్టణాల్లోని ఇళ్లన్నీ కలిపి వాడినదానికన్నా ఎక్కువ.

మన మోటారుకు తొమ్మిది గంటలు ఇస్తామంటారు. రెండు విడతలుగా ఇస్తారు, మధ్యలో పోతుంది, ట్రాన్స్‌ఫార్మర్ కాలితే మనమే చందాలు వేసుకొని తెచ్చుకుంటాం. అదే షెడ్డుకు ఒక్క నిమిషం పోకూడదు. పోతే ఒప్పందం ఉల్లంఘన. లోడు సరిపోని రోజున ఎవరిది కోస్తారో మీకు మేం చెప్పాలా? ఉచిత కరెంటు మనకు ఎవరో దయతో ఇచ్చింది కాదు. 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో కరెంటు చార్జీల మీద జరిగిన ఉద్యమంలో రామకృష్ణ, విష్ణువర్ధన్ రెడ్డి, బాలస్వామి పోలీసు కాల్పుల్లో చనిపోయినారు. 2004 మేలో ఉచిత విద్యుత్ ఫైలు మీద పడిన సంతకం వెనక ఆ రక్తం ఉంది. ఇప్పుడు కంపెనీకి రాయితీ ఇస్తే ప్రోత్సాహకం అంటారు, మనకు ఇస్తే భారం అంటారు. రెండూ ఒకే ఖజానాలోంచి పోతాయి.

నీళ్ల గురించి కొంచెం నిదానంగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ అతిగా మాట్లాడితే మన మాట నిలవదు. అన్ని డేటా సెంటర్లూ ఒకేలా నీళ్లు తాగవు. గాలితో చల్లబరిచేవి తక్కువ నీళ్లు వాడి ఎక్కువ కరెంటు వాడతాయి. ఆవిరి పద్ధతిలో ఒక యూనిట్ కరెంటుకు సుమారు 1.8 లీటర్ల నీళ్లు అని వాడుకలో ఉన్న లెక్క. ఆ లెక్కన ఒక గిగావాట్‌కు రోజుకు 4 కోట్ల 30 లక్షల లీటర్లు, ఏడాదికి అర టీఎంసీ పైన. డ్రిప్పు మీద ఒక ఎకరా టమోటాకు పంటకాలంలో 20 లక్షల లీటర్లు పడతాయనుకుంటే, సుమారు ఏడు వేల ఎనిమిది వందల ఎకరాల టమోటా. ఏ పద్ధతి వాడతారో, ఎంత వాడతారో కంపెనీ రాసివ్వాలి. అది వ్యాపార రహస్యం అని తప్పించుకోకూడదు.

తప్పించుకోరా? అమెరికాలో ఓరెగన్ రాష్ట్రంలో ద డాల్స్ అని మన పుంగనూరు కన్నా చిన్న ఊరు. అక్కడ గూగుల్ డేటా సెంటర్లు ఎన్ని నీళ్లు వాడుతున్నాయో చెప్పమని ఒక పత్రిక అడిగితే, అది వ్యాపార రహస్యమని ఊరి మునిసిపాలిటీయే కోర్టుకు పోయింది. ఏడాదికి పైగా కొట్లాడినాక 2022 ఆఖరులో బయటపెట్టినారు. ఊరి మొత్తం నీళ్లలో నాలుగో వంతు పైన వాళ్లవే. చూడండి, ఊరే కంపెనీ తరఫున దాచింది. మన మునిసిపాలిటీలు అంతకన్నా ధైర్యంగా ఉంటాయని మాకు నమ్మకం లేదు.

ఇక్కడ నీటి బాధ ఎవరికి చెప్పాలి? వెయ్యి అడుగులు వేసి కూడా దుమ్ము చూసిన రైతులు ఈ హాల్లోనే ఉన్నారు. 2002 వాల్టా చట్టం కింద కొత్త బోరుకు మనం అనుమతి తీసుకోవాలి, పక్క బోరుకు దూరం చూడాలి. హంద్రీ నీవా నీళ్లు శ్రీశైలం నుంచి ఎత్తిపోతల మీద ఎత్తిపోతలు దాటి, పుంగనూరు బ్రాంచ్ కాలువ, కుప్పం బ్రాంచ్ కాలువ మీదుగా రావాలి. 2025 ఆగస్టు 30న కుప్పం దగ్గర పరమసముద్రంలో ముఖ్యమంత్రి హారతి ఇచ్చినారు. సంతోషించినాం. ఎన్ని దశాబ్దాల ఎదురుచూపు అది! కానీ ఆ నీళ్లు ఏడు వందల కిలోమీటర్లు పైకెక్కి వచ్చేది కరెంటు మీద. మన కాలువలో పారేది నీళ్లు మాత్రమే కాదు, యూనిట్లు కూడా. కరెంటు ఇరుకైతే చివరి కాలువ చివరి చెరువు మొదట ఎండుతుంది. ఆ చివర మనమే.

ఉద్యోగాల మాట. మా సంఘంలోనే దీని మీద వాదన జరిగింది, దాన్ని దాచము. చదువుకున్న పిల్లలు అన్నారు: "మీరు ప్రతిదానికీ వద్దంటే మేం కుప్పం నుంచి పొద్దున్నే రైలెక్కి బెంగళూరు పోవడమేనా ఎప్పటికీ?" వాళ్ల కోపం నిజమైనది. టమోటా పెట్టి, 2023 జూలైలో కిలో రెండు వందల దగ్గరికి పోయినప్పుడు పంట లేక, రూపాయికి పడిపోయినప్పుడు పంట ఉండి, రోడ్డు మీద పారబోసిన తండ్రిని చూసి పెరిగిన పిల్లలకు వ్యవసాయమే చేయమని చెప్పే మొహం మాకు లేదు. విశాఖ కేంద్రంతో ప్రత్యక్షం, పరోక్షం కలిపి 1 లక్షా 88 వేల ఉద్యోగాలని ప్రభుత్వం లెక్క చెప్పింది. కట్టేటప్పుడు పని నిజంగానే ఉంటుంది. మేస్త్రీలు, వెల్డర్లు, ఎలక్ట్రీషియన్లు. కట్టినాక? షెడ్డు పెద్దది, లోపల మనుషులు తక్కువ. యంత్రాలు చూసుకొనే కొద్దిమంది, కాపలా వాళ్లు, ఊడ్చేవాళ్లు. ఒక టమోటా మండీలో హమాలీలు, గ్రేడింగ్ చేసే ఆడవాళ్లు, క్రేట్ల వాళ్లు, లారీ వాళ్లు ఎంతమంది బతుకుతారో, ఎకరాకు ఎంతమందో లెక్క వేసి పోల్చమని పిల్లలకు చెప్పినాం. వాళ్లు వేస్తామన్నారు. వేసింతరువాత ఈ పత్రికలోనే అచ్చు వేస్తాం, మా వాదనకు వ్యతిరేకంగా వచ్చినా సరే.

ఊరి మధ్య మునిసిపాలిటీ జాగా ఖాళీగా ఉంటే ఏం చెయ్యాలి అని అడుగుతారు. దానికి మన దగ్గరే జవాబు ఉంది. 1999 జనవరి 26న రైతుబజార్లు మొదలైనాయి. పట్టణం మధ్యలో, ప్రభుత్వ జాగాలో, దళారీ లేకుండా రైతు నేరుగా అమ్ముకొనే చోటు. లోపాలు ఎన్ని ఉన్నా ఆ ఆలోచన మంచిది, దాన్ని తెచ్చింది కూడా ఇప్పటి ముఖ్యమంత్రే. పట్టణ ఖాళీ జాగాలో మనకు శీతల గిడ్డంగి కావాలి, రాత్రి లోడుతో వచ్చిన రైతు పడుకోవడానికి షెడ్డు కావాలి, ఆడవాళ్లకు మరుగుదొడ్డి కావాలి. మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాం, లోడు అమ్ముకోవడానికి వచ్చిన మన ఆడవాళ్లు తెల్లవారుజామున పోవడానికి చోటు లేక నీళ్లు తాగడం మానేస్తున్నారు.

ఇంకో మాట, కుప్పం పెద్దవాళ్లకు గుర్తున్నది. 1990ల చివర్లో ఇజ్రాయెల్ పరిజ్ఞానంతో అక్కడ ప్రదర్శన సేద్యం పెట్టినారు. పొలాల గట్లు కలిపి, డ్రిప్పు పైపులు పరచి, దేశమంతా వచ్చి చూసింది. ఆ ప్రాజెక్టు నిలవలేదు. డ్రిప్పు నిలిచింది. ఈరోజు మదనపల్లె టమోటాకైనా, కుప్పం మల్బరీకైనా డ్రిప్పు లేని తోట తక్కువ. అంటే కొత్త పరిజ్ఞానం వస్తే మనం భయపడే మనుషులం కాము. రైతు చేతిలోకి వచ్చింది బతికింది, రైతు పొలం చేతులు మారాలన్నది పోయింది.

వేరే చోట్ల జనం ఏం చేసినారు? అరిజోనాలో టూసాన్ నగరం మనలాగే ఎడారి గాలి, తక్కువ వాన. 2025 ఆగస్టులో అక్కడి నగర కౌన్సిల్ ఒక పెద్ద డేటా సెంటర్ ప్రతిపాదనను, జనం వందలాదిగా వచ్చి నీళ్ల గురించి అడిగినాక, ఏకగ్రీవంగా తోసిపుచ్చింది. చిలీలో సెరిల్లోస్ దగ్గర గూగుల్ కేంద్రం మీద స్థానికులు ఏళ్ల తరబడి కొట్లాడితే, 2024లో పర్యావరణ కోర్టు అనుమతిని మళ్లీ చూడమంది. కంపెనీ నీళ్లు తాగే పద్ధతి వదిలి గాలి పద్ధతికి వస్తామంది. ఒకచోట వద్దన్నారు, ఒకచోట షరతు పెట్టి మార్పించినారు. రెండు చోట్లా అడిగినవాళ్ల మాట చెల్లింది.

కాబట్టి సంఘం తరఫున మేం ఈరోజు 'వద్దు' అనే తీర్మానం పెట్టడం లేదు. కొందరికి అది నచ్చదు, తెలుసు. కంపెనీ పేరు, ఎకరాలు, నీటి వనరు, నీటి పద్ధతి, కరెంటు ఎక్కడి నుంచి, రాయితీ ఎంత, కట్టినాక శాశ్వత ఉద్యోగాలు ఎన్ని, ఇవన్నీ తెలుగులో రాసి గ్రామసభలోనో వార్డు సభలోనో చదివి వినిపించకుండా ఒక్క ఎకరం ప్రభుత్వ భూమి కూడా ఏ డేటా సెంటర్‌కూ ఇవ్వకూడదన్నది మా తీర్మానం. శుద్ధి చేసిన మురుగునీళ్లు తప్ప చెరువు నీళ్లు, బోరు నీళ్లు, హంద్రీ నీవా నీళ్లు వాడకూడదన్నది రెండోది. రెండోదాని మీద మీలో వాదన ఉంటే ఇప్పుడే చెప్పండి, భోజనాలకు ముందు ఓటుకు పెడదాం.

ఇంకొక పని. ఇంటికి పోయినాక మీ మీ ఊళ్లలో పోరంబోకు, కుంట, వంక, డీకేటీ సర్వే నంబర్లు, విస్తీర్ణం, ఇప్పుడు ఎవరు ఎలా వాడుకుంటున్నారన్నది ఒక కాగితం మీద రాయండి. సచివాలయంలో సర్వేయరు చెప్పింది ఒక వరసలో, ఊరివాళ్లు చెప్పింది ఇంకో వరసలో. జీవాలు మేపేవాళ్లను తప్పకుండా అడగండి, ఆ భూమి గురించి వాళ్లకు తెలిసినంత ఎవరికీ తెలియదు. వచ్చే నెల మీటింగ్‌కు ఆ కాగితాలు తీసుకురండి. రెండు వరసలూ ఎక్కడ కలవలేదో అక్కడి నుంచి మొదలుపెడతాం.